చివరి ఏడాది ఫీజు కట్టగలరా?

బ్రిటన్ బోర్డింగ్ స్కూళ్ల ఖర్చు మీద వచ్చిన ఉత్తరాల్లో ఆరింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. లెక్కలన్నీ పౌండుకు 120 రూపాయల చొప్పున వేశాం. డబ్బు పంపే రోజు రేటు వేరుగా ఉంటుంది కనుక పౌండ్ల అంకెనే గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: మా బాబు ఏడో తరగతి అయిపోతోంది. ఇంగ్లండ్‌లో బోర్డింగ్ స్కూల్లో ఇయర్ 9లో (మన ఎనిమిదో తరగతి) చేర్చి, అక్కడే ఏ-లెవెల్స్ (మన ఇంటర్ లాంటివి) దాకా చదివించాలని ఉంది. బ్రోషర్‌లో టర్మ్‌కు 14,500 పౌండ్లు అని వేశారు. అంటే ఏడాదికి 52 లక్షలు. మేం 60 లక్షల దాకా పెట్టగలం. సరిపోతుందా? – ఓ తల్లి, విజయవాడ

జవాబు: సరిపోదు. ముందు ఆ 14,500 కింద చిన్న అక్షరాల్లో ఏముందో చదవండి. 2025 జనవరి 1 నుంచి బ్రిటన్‌లో ప్రైవేటు స్కూళ్ల ఫీజు మీద 20 శాతం వ్యాట్ పడుతోంది. చదువుకూ, బోర్డింగ్‌కూ రెండింటికీ పడుతుంది. కొన్ని స్కూళ్లు వ్యాట్ కలిపిన అంకె వేస్తాయి, కొన్ని కలపనిది వేస్తాయి. మీ బ్రోషర్‌లోది కలపనిదైతే టర్మ్‌కు 17,400 పౌండ్లు, మూడు టర్మ్‌లకు 52,200. రూపాయల్లో 62.64 లక్షలు. మీ 60 లక్షలు ఇక్కడే అయిపోయాయి.

ఇక బ్రోషర్‌లో కనపడనివి. టర్మ్ బిల్లులో ఫీజు కింద 'ఎక్స్‌ట్రాలు' అని ఓ పట్టీ వస్తుంది. సంగీతం క్లాసులు, ఇంగ్లిష్ అదనపు పాఠాలు, పరీక్ష ఫీజులు, టూర్లు, యూనిఫాం మరమ్మతుల దాకా అందులోనే ఉంటాయి. దీనికి ఏడాదికి 4,000 పౌండ్లు వేసుకోండి. చేతిఖర్చు, ఫోను కలిపి నెలకు 100 చొప్పున మరో 1,200.

మనవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది గార్డియన్ ఖర్చు. ప్రతి టర్మ్ మధ్యలో హాఫ్ టర్మ్ సెలవులుంటాయి. అక్టోబరులో చాలా బోర్డింగ్ స్కూళ్లు రెండు వారాలిస్తాయి. ఫిబ్రవరిలో, మే నెలాఖరులో వారం చొప్పున ఇస్తాయి. ఇవి కాక 'ఎగ్జియట్' అనే వారాంతపు సెలవులు. ఆ రోజుల్లో హాస్టల్ మూసేస్తారు. పిల్లాడు ఎక్కడికో ఒకచోటికి వెళ్లాల్సిందే. అందుకే బ్రిటన్‌లో ఉండే గార్డియన్‌ను చూపించమని స్కూళ్లు అడుగుతాయి. గార్డియన్ ఏజెన్సీకి ఏడాదికి 900 పౌండ్లు, ఆతిథ్య కుటుంబంలో 35 రాత్రులకు రాత్రికి 60 చొప్పున 2,100, మొత్తం 3,000 అనుకోండి. ఏజెన్సీకి ఏజిస్ (గార్డియన్ ఏజెన్సీలను తనిఖీ చేసే సంస్థ) గుర్తింపు ఉందో లేదో చూడండి. బర్మింగ్‌హామ్‌లో మేనమామ ఉన్నాడు కదా అనుకుంటే సంతోషమే. కానీ అర్ధరాత్రి స్కూలు నుంచి ఫోనొస్తే బయల్దేరే మనిషి కావాలి. అది ముందే ఆయనతో మాట్లాడుకోండి. తల్లి వెళ్లి అక్కడే ఉందామంటే కుదరదు. చైల్డ్ స్టూడెంట్ పిల్లల తల్లిదండ్రులకిచ్చే వీసా 4 నుంచి 11 ఏళ్ల పిల్లలున్నవారికే.

విమానం టికెట్లు ఏడాదికి మూడు రానుపోను: డిసెంబరు, ఈస్టర్, వేసవి. అందరి పిల్లలూ అదే వారంలో ప్రయాణం కనుక ధరలు మండిపోతుంటాయి. 3 లక్షలు పక్కన పెట్టండి. కొన్ని విమాన సంస్థలు 14 ఏళ్లు నిండని పిల్లల్ని పెద్దవాళ్లు తోడు లేకుండా ఎక్కించుకోవు. ఇయర్ 9లో మీ బాబుకు 13 ఏళ్లే కాబట్టి మొదటి ఏడాది మీ టికెట్ కూడా కలపాల్సి రావచ్చు. మీరిద్దరూ ఏడాదికోసారి వెళ్లి చూసొస్తే మరో మూడున్నర లక్షలు.

అన్నీ కలిపితే ఏడాదికి సుమారు 79 లక్షలు. బ్రోషర్ చెప్పినదానికి ఒకటిన్నర రెట్లు.

ఇది మొదటి ఏడాది సంగతి. స్కూళ్లు ఏటా ఫీజు పెంచుతాయి, రూపాయి ఏటా కొంత జారుతుంది. ఫీజు 5 శాతం పెరిగి, పౌండు 4 శాతం ప్రియమైతే రెండూ కలిసి మీ ఖర్చు ఏటా 9.2 శాతం పెరుగుతుంది. అప్పుడు ఐదేళ్లకు వరసగా 79, 86, 94, 103, 112 లక్షలు. మొత్తం 4.75 కోట్లు. పెంపు లేకుండా లెక్కేస్తే 3.95 కోట్లే. తేడా 80 లక్షలు, అంటే అదనంగా ఓ ఏడాది చదువు! పౌండు అంత పెరుగుతుందా అని అనుమానమొస్తే, 2022 సెప్టెంబరు నెలాఖరులో అది కొన్ని రోజులు 90 రూపాయల లోపే ఉండేదని గుర్తుచేసుకోండి.

మొదట్లో ఒక్కసారి కట్టేవి వేరే ఉన్నాయి. రిజిస్ట్రేషన్‌కు కొన్ని వందల పౌండ్లు. విదేశీ విద్యార్థుల దగ్గర చాలా స్కూళ్లు ఒక టర్మ్ ఫీజంత డిపాజిట్ తీసుకుంటాయి. 14,500 అయితే 17.4 లక్షలు. చివర్లో తిరిగిస్తారు, వడ్డీ ఉండదు. వీసా ఫీజును 2025 ఏప్రిల్‌లో 524 పౌండ్లు చేశారు. దాన్ని తరచూ ఏప్రిల్‌లోనే పెంచుతున్నారు. దీనికి తోడు ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లు, వీసా కాలానికంతా ముందే కట్టాలి. ఐదేళ్ల చదువుకు వీసా ఐదేళ్ల మూడు నెలలు వస్తే ఐదున్నరేళ్లకు లెక్కకట్టి 4,268 పౌండ్లు తీసుకుంటారు. అంటే ఐదు లక్షల పైమాటే.

మా సలహా: ఐదో ఏడాది 112 లక్షలు ఎక్కణ్నుంచి వస్తాయో ఇప్పుడే కాగితం మీద పెట్టండి. జవాబు దొరక్కపోతే ఇయర్ 9 వద్దు. పదో తరగతి ఇక్కడే పూర్తిచేయించి, ఇయర్ 12, 13 రెండేళ్లకు మాత్రమే పంపండి. ఈ ధరలతోనే మొదలైతే రెండేళ్లకు 79, 86 లక్షలు కలిపి 1.65 కోట్లు. జీసీఎస్‌ఈ కోర్సు (మన పదో తరగతి లాంటిది) ఇయర్ 10, 11 కలిపి రెండేళ్లు. ఇయర్ 10 అయ్యాక డబ్బు చాలక వెనక్కి తెస్తే చేతిలో ఏ సర్టిఫికెట్టూ ఉండదు, ఇక్కడి పదో తరగతి సిలబస్ కొత్తగా మొదలుపెట్టాలి.

ప్రశ్న: వీసాకు డబ్బు చూపించాలంటున్నారు. మాకు ఎఫ్‌డీలు 25 లక్షలు, మ్యూచువల్ ఫండ్లు 40 లక్షలు, బంగారం ఉన్నాయి. చాలవా? – ఓ తండ్రి, వరంగల్

జవాబు: మ్యూచువల్ ఫండ్లు, షేర్లు, బంగారం, భూమి పత్రాలు వీసా అధికారి లెక్కలోకి రావు. నగదు కావాలి. ఎఫ్‌డీ పనికొస్తుంది కానీ కావాలన్నప్పుడు తీసుకునే వీలుండాలి. ఓవర్‌డ్రాఫ్ట్ పరిమితిని చూపిస్తే కుదరదు.

చూపాల్సింది ఒక విద్యా సంవత్సరం ఫీజు, బోర్డింగ్ ఖర్చు. ఇప్పటికే కట్టింది తీసేస్తారు, ప్రవేశాన్ని ఖాయం చేస్తూ స్కూలు ఇచ్చే 'కాస్' పత్రంలో అది నమోదై ఉండాలి. ఏడాదికి 52,200 పౌండ్లయితే, మొదటి టర్మ్ 17,400 కట్టాక మిగిలేది 34,800. రూపాయల్లో 41.76 లక్షలు. ఈ మొత్తం వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. ఆ 28వ రోజు దరఖాస్తు తేదీకి 31 రోజుల కంటే పాతది కాకూడదు.

దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. 28 రోజుల్లో ఒక్క రోజు, ఒక్క ఈఎంఐ కట్ అయి నిల్వ కిందికి జారితే చాలు, తిరస్కరిస్తారు. ఆరోగ్య సర్‌చార్జి వెనక్కొస్తుంది, వీసా ఫీజు రాదు, పైగా సెప్టెంబరు టర్మ్ మొదలైపోతుంది. రూపాయల నిల్వను దరఖాస్తు రోజు మారకపు రేటుతో పౌండ్లలోకి మారుస్తారు కనుక 44 లక్షలు ఉంచండి. ఇంటి ఖర్చుల ఖాతా వేరు, ఈ ఖాతా వేరుగా పెట్టుకుంటే మేలు. మీ పేరు మీది ఖాతాయే చాలు. బాబు జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల అంగీకార పత్రం జతచేయాలి. పాస్‌పోర్టులో, జనన పత్రంలో ఇంటిపేరు తేడాలుంటే ఇప్పుడే సరిచేయించండి. మనకు ఈ తలనొప్పి ఎక్కువ. ఆరు నెలలు దాటిన వీసా కాబట్టి క్షయ పరీక్ష పత్రం కూడా కావాలి. అది బ్రిటన్ గుర్తించిన కేంద్రంలోనే చేయించుకోవాలి.

ఫండ్లు అమ్మి డబ్బు చేసుకోవాలంటే మే నెలలోనే అమ్మండి. జులైలో వీసాకు వెళ్లాల్సినవాళ్లు జూన్ నెలాఖరులో అమ్ముతూ కూర్చుంటే 28 రోజులు ఎప్పటికి నిండుతాయి?

ప్రశ్న: ఫీజు పంపితే బ్యాంకువాళ్లు 20 శాతం పన్ను పట్టుకుంటారని మా స్నేహితుడు భయపెడుతున్నాడు. నిజమా? లోన్ తీసుకుంటే అది ఉండదట కదా? – ఓ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మీ స్నేహితుడు చెప్పింది సగం నిజం. మనిషికి ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్ల దాకా విదేశాలకు పంపుకునే పథకం ఎల్‌ఆర్‌ఎస్. దీని కింద పంపినదానిలో 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు టీసీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపన్ను) వసూలు చేస్తుంది. చదువు కోసమైతే 2025-26లో 5 శాతం ఉండేది. 2026 బడ్జెట్‌లో దాన్ని 2 శాతానికి తగ్గించారు. 20 శాతం పడేది చదువు, వైద్యం కాని ఇతర పనులకు.

కాబట్టి డబ్బు పంపేటప్పుడు నింపే ఫారం ఏ2లో వేసే పర్పస్ కోడ్ (ఎందుకు పంపుతున్నారో చెప్పే సంకేతం) మీదే అంతా ఆధారపడి ఉంది. విద్యకు ఎస్0305. చేతిఖర్చులకని పిల్లాడి ఖాతాకు డబ్బేస్తూ కౌంటర్‌లో 'దగ్గరి బంధువుల పోషణ' కోడ్ రాయించుకుంటే అది 20 శాతంలో పడుతుంది. చదువుకునే పిల్లల రోజువారీ ఖర్చులు, టికెట్లు కూడా విద్య కిందకే వస్తాయి. స్కూలు ఇన్వాయిస్, ప్రవేశ పత్రం చూపించి ఎస్0305 వేయించుకోండి. ఏడాదికి 72.48 లక్షలు పంపేవారికి 2 శాతం లెక్కన టీసీఎస్ 1.25 లక్షలు. అదే పొరపాటున మొత్తం 20 శాతంలో పడితే 12.5 లక్షలు! రెండూ రిటర్నులో తిరిగొచ్చేవే. కానీ అప్పటిదాకా పన్నెండు లక్షలు ఇరుక్కుపోతే తరవాతి టర్మ్ ఫీజు ఎలా కడతారు?

10 లక్షల మినహాయింపు పాన్‌కు ఒకటి చొప్పున ఉంటుంది. తల్లి ఖాతా నుంచి సగం, తండ్రి ఖాతా నుంచి సగం పంపితే టీసీఎస్ ఇంకో 20 వేలు తగ్గుతుంది. మీరు జీతగాళ్లు కనుక కట్టిన టీసీఎస్ వివరాలు ఆఫీసులో ఇస్తే ఆ మేరకు నెలజీతంలో టీడీఎస్ తగ్గించి పట్టుకుంటారు. 2024 అక్టోబరు నుంచి ఈ వీలుంది. చాలామంది వాడుకోవడం లేదు.

ఇక లోను విషయం. విద్యారుణం మీద పంపేదానికి టీసీఎస్ లేదన్నది నిజమే, కానీ అది చట్టం గుర్తించిన బ్యాంకు లాంటి ఆర్థిక సంస్థ నుంచి చదువు కోసం తీసుకున్న రుణానికి. విద్యారుణం వడ్డీ మీద ఆదాయపన్ను మినహాయింపు (పాత చట్టంలో 80ఈ సెక్షన్) మాత్రం ఇంటర్ పాసయ్యాక చదివే చదువులకే వర్తిస్తుంది. తొమ్మిదో తరగతికో, ఏ-లెవెల్స్‌కో వర్తించదు. బ్యాంకుల విదేశీ విద్యారుణ పథకాలు కూడా సాధారణంగా ఇంటర్ తరవాతివే. స్కూలు కోసమంటే ఇంటి మీదో, ఆస్తి మీదో మామూలు రుణమే దిక్కు. ట్యూషన్ ఫీజు మినహాయింపు (పాత చట్టంలో 80సీ సెక్షన్) కూడా మన దేశంలోని విద్యాసంస్థలకే.

నిజానికి టీసీఎస్ కన్నా జేబుకు చిల్లుపెట్టేది బ్యాంకు మారకపు రేటు. 20 లక్షలు పంపితే మారకం మీద జీఎస్టీ 1,170 రూపాయలే. రేటులో బ్యాంకు ఒకటిన్నర శాతం కలుపుకుంటే మాత్రం 30 వేలు పోతాయి. అదే నిమిషంలో మార్కెట్ రేటు చూసి, రెండు మూడు బ్యాంకుల్ని అడిగి బేరమాడండి. చార్జీలన్నీ మీరే భరించేలా పంపండి. లేకపోతే మధ్య బ్యాంకు పదో ఇరవయ్యో పౌండ్లు కోసుకుంటుంది, స్కూలు 'బాకీ ఉంది' అని మెయిల్ పంపుతుంది. ఆ ఇరవై పౌండ్ల కోసం మళ్లీ మొదటి నుంచి ఫారాలు నింపాలి.

ప్రశ్న: మా అమ్మాయి అక్కడ ఇమడలేకపోతోంది. జులైలో తీసుకొచ్చేస్తామని మే నెలలో మెయిల్ పెట్టాం. ఇంకో టర్మ్ ఫీజు కట్టమంటున్నారు. ఇదేం న్యాయం? – ఓ తల్లి, గుంటూరు

జవాబు: అన్యాయంగానే అనిపిస్తుంది కానీ మీరు సంతకం చేసిన ఒప్పందంలో ఉండే ఉంటుంది. అక్కడి స్కూళ్లలో దాదాపు అన్నిచోట్లా 'ఒక పూర్తి టర్మ్ ముందు నోటీసు' నిబంధన ఉంటుంది. నోటీసు చేరాల్సింది టర్మ్ మొదలవకముందే. జులైలో మానిపించాలంటే ఏప్రిల్‌లో వేసవి టర్మ్ తెరిచే రోజు లోపు లిఖితపూర్వకంగా చేరాలి. మీరు మే నెలలో పెట్టారు. సెప్టెంబరు టర్మ్ ఫీజు బదులుగా అడుగుతున్నారన్నమాట.

అయినా చేయగలిగింది కొంత ఉంది. ఒప్పందం తీసి నోటీసు ఎవరికి, ఏ రూపంలో ఇవ్వాలన్నారో చూడండి. మార్చిలో హౌస్ టీచరుకు రాసిన మెయిల్ ఏదైనా ఉంటే దాన్ని ఆధారంగా చూపవచ్చు. సెప్టెంబరులో మీ సీటు వేరే పిల్లతో నిండుతుందేమో అడగండి. నిండితే తగ్గించమని అడిగే బలం మీకుంటుంది. డిపాజిట్ వాళ్ల దగ్గరే ఉంది కదా, అందులోంచి సర్దుబాటు చేసుకొమ్మని రాతపూర్వకంగా చెప్పండి. వీసా సంగతి కూడా గుర్తుంచుకోండి. పిల్ల మానేసిన విషయాన్ని స్కూలు హోం ఆఫీసుకు (బ్రిటన్ హోం శాఖ) తెలియజేస్తుంది.

మిగతావాళ్లకు ఓ హెచ్చరిక. ఇయర్ 11తో జీసీఎస్‌ఈలు అయిపోయాయి కదా, సహజంగానే బయటికొస్తాం అనుకోవద్దు. పిల్లలు ఎలాగూ ఇయర్ 12లోకి వెళ్తారనే లెక్కతో నోటీసు అడిగే స్కూళ్లు చాలా ఉన్నాయి. సీటుకు ఒప్పుకుని, చేరకముందే మానుకున్నా ఇదే వర్తిస్తుంది. రెండు స్కూళ్లలో డిపాజిట్ కట్టి తరవాత చూద్దాం అనుకునేవాళ్లు డిపాజిట్‌తో పాటు ఇంకో టర్మ్ ఫీజు కూడా పోగొట్టుకోవచ్చు.

ప్రశ్న: మేం పదేళ్లు రెడింగ్‌లో ఉండి హైదరాబాద్ వచ్చేశాం. అబ్బాయి అక్కడే పుట్టాడు, బ్రిటిష్ పాస్‌పోర్టు ఉంది. ప్రభుత్వ బోర్డింగ్ స్కూళ్లున్నాయట, నిజమేనా? – ఓ తండ్రి, మియాపూర్

జవాబు: నిజమే, చాలామందికి తెలియని దారి ఇది. స్టేట్ బోర్డింగ్ స్కూళ్లలో చదువు ఉచితం, హాస్టల్‌కు మాత్రం కట్టాలి. ప్రైవేటు ఖర్చులో సగం కంటే తక్కువకే అయిపోతుంది. సీటు బ్రిటిష్ పౌరసత్వమో, అక్కడ నివసించే హక్కో ఉన్నవారికే. చైల్డ్ స్టూడెంట్ వీసా మీద వెళ్లే పిల్లలకు దొరకదు. అక్కడ పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు, మీకు పాస్‌పోర్టే ఉంది కాబట్టి ఆ చిక్కు లేదు. వీసా ఫీజు, ఆరోగ్య సర్‌చార్జి కూడా తప్పుతాయి. సెలవులకు గార్డియన్ మాత్రం మీకూ కావాలి.

ఒక్కటి గమనించండి. యూనివర్సిటీలో తక్కువ ఫీజు వర్తించాలంటే పాస్‌పోర్టు ఒక్కటే చాలదు. కోర్సుకు ముందు మూడేళ్లు అక్కడ నివాసముండాలి, ఆ నివాసం ప్రధానంగా చదువు కోసమే అయితే చిక్కు. బోర్డింగ్‌కని పంపితే అభ్యంతరం చెప్పవచ్చు. భారత పాస్‌పోర్టు పిల్లలకైతే సందేహమే లేదు. ఐదేళ్లు బోర్డింగ్‌లో చదివినా యూనివర్సిటీలో విదేశీ ఫీజే. ఏ-లెవెల్స్‌తో ఖర్చు ఆగదు. తిరిగొచ్చి ఇక్కడ చదివిద్దామంటే తెలంగాణ మెడికల్ సీట్లలో స్థానికతకు 9 నుంచి 12 దాకా నాలుగేళ్ల చదువు ఇక్కడే ఉండాలనే నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. డాక్టర్ కోరిక ఉన్న ఇంట్లో ఈ సంగతి తొమ్మిదో తరగతిలోనే మాట్లాడుకోవాలి.

ప్రశ్న: మా సంవత్సరాదాయం 20 లక్షలు. పాపకు పదిలో బాగా మార్కులొస్తున్నాయి. స్కాలర్‌షిప్ వస్తుందా? ఓ స్కూలు మొత్తం ఫీజు ఒకేసారి కడితే తగ్గిస్తామంటోంది, మా నాన్నగారు పొలం అమ్ముదామంటున్నారు. – ఓ పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: బ్రిటిష్ బోర్డింగ్ స్కూళ్ల స్కాలర్‌షిప్ అంటే చాలాసార్లు ఫీజులో ఐదో పదో శాతం, పేరుకు గౌరవం. అసలు భారం దించేది ఆదాయాన్ని బట్టి ఇచ్చే 'బర్సరీ', అది విదేశీ పిల్లలకు అరుదు. మీ ఆదాయానికి చూడదగ్గది యునైటెడ్ వరల్డ్ కాలేజీలు (యూడబ్ల్యూసీ). పదహారేళ్ల వయసులో ఇంటర్ స్థాయి చదువైన రెండేళ్ల ఐబీ డిప్లొమాకు తీసుకుంటారు. వేల్స్‌లోని అట్లాంటిక్ కాలేజీ, పుణె దగ్గరి మహీంద్రా కాలేజీ ఈ కుటుంబంలోవే. భారత జాతీయ కమిటీ ఎంపిక చేస్తుంది, ఆర్థికావసరాన్ని బట్టి సహాయమిస్తుంది. మార్కుల కంటే పిల్ల ఆసక్తులు, సేవ, మాటతీరు ఎక్కువ చూస్తారు. దరఖాస్తులు ముందు ఏడాదే పడతాయి కనుక పదో తరగతి మొదట్లోనే తేదీలు చూసుకోండి.

మొత్తం ఒకేసారి కట్టడం వద్దు. ముందుగా కట్టిన డబ్బు స్కూలు చేతిలో అప్పులాంటిదే, స్కూలు మూతపడితే అప్పులవాళ్ల వరసలో మీరూ నిలబడాలి. వ్యాట్ వచ్చాక అక్కడ చిన్న ప్రైవేటు స్కూళ్లు కొన్ని మూతపడ్డాయి కూడా. ఏ స్కూలైనా ఒప్పుకునే ముందు రెండు కాగితాలు చూడండి, రెండూ ఆన్‌లైన్‌లో ఉచితమే. ఇండిపెండెంట్ స్కూల్స్ ఇన్‌స్పెక్టరేట్ తనిఖీ నివేదిక ఒకటి. స్కూలు ధార్మిక సంస్థగా నమోదైతే చారిటీ కమిషన్‌కు ఏటా ఇచ్చే లెక్కలు రెండోది. వరసగా రెండు మూడేళ్లు నష్టాలు, తగ్గుతున్న పిల్లల సంఖ్య కనిపిస్తే ఏజెంట్ ఎంత బాగా చెప్పినా వదిలేయండి. చాలామంది ఏజెంట్లకు స్కూలే కమిషన్ ఇస్తుంది, అడిగి తెలుసుకోండి.

పొలం విషయంలో నాన్నగారి మాట కాదనడం కష్టమే. అమ్మడమంటూ జరిగితే ఆ డబ్బుతో కట్టాల్సింది ముందుగా రాబోయే మూడు టర్మ్‌లు. అదంతా ఎఫ్‌డీలో ఉండాలి, షేర్లలో కాదు. ఏడాదికి 79 లక్షల ఖర్చును 20 లక్షల ఆదాయం మోయలేదు కాబట్టి రెండేళ్లకు కావాల్సిన 1.65 కోట్లూ పొలం నుంచే రావాలి. రాకపోతే అమ్మకుండా ఉంచి, యూడబ్ల్యూసీ ఫలితం వచ్చాక ఆలోచించండి.